పాత కారుకు వెనుక వెడల్పు చక్రాలు: కొలత నుంచి బిగింపు దాకా

పాత కారును వెనుక నుంచి చూస్తే సన్నటి టైర్లు మడ్‌గార్డుల లోపల ఎక్కడో ముడుచుకుని కూర్చున్నట్టు కనిపిస్తాయి. వాటి బదులు వెడల్పువి వేస్తే కారు రూపమే మారిపోతుంది. ఇంజను శక్తి పెంచిన కార్లలో బయలుదేరేటప్పుడు చక్రం ఉన్నచోటే గిర్రున తిరగడం కూడా తగ్గుతుంది. ఈ పని చెడేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట: చక్రాలు ముందు కొనేసి, పడతాయో లేదో తర్వాత చూసుకోవడంలో. వరస తిరగెయ్యాలి. మడ్‌గార్డు లోపలి చోటును బట్టి టైరు, టైరును బట్టి రిమ్ వెడల్పు, ఆ రెంటినీ బట్టి ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత) తేలుతాయి. డబ్బు తీయడం అన్నిటికంటే చివర.

ముందుగా ఒక అపోహ. వెడల్పు టైరు వేస్తే రోడ్డును తాకే రబ్బరు వైశాల్యం అమాంతం పెరిగిపోదు. కారు బరువు, టైరులో గాలి మారనంత వరకు ఆ వైశాల్యం ఇంచుమించు అంతే ఉంటుంది. మారేది దాని ఆకారం. పొడవు తగ్గి అడ్డంగా విస్తరిస్తుంది. మలుపుల్లో పట్టు పెరగడానికి కారణం అదే. వాన నీటి మీద తేలిపోయే గుణం పెరగడానికీ అదే కారణం. పైగా వెనుక పట్టు మాత్రమే పెంచితే బండి మలుపులో ముక్కు బయటికి తోసుకుపోతుంది, స్టీరింగ్ ఇంకా తిప్పాల్సి వస్తుంది. వెనుక ఇంజను ఉండి, తోక విసిరే స్వభావం ఉన్న కార్లకు ఇది మేలే. 1973 పోర్షా కరెరా ఆర్‌ఎస్ 2.7 ముందు 6 అంగుళాల రిమ్ మీద 185/70 (185 మి.మీ. వెడల్పు, అందులో 70 శాతం పక్క గోడ ఎత్తు), వెనుక 7 అంగుళాల రిమ్ మీద 215/60 టైర్లతో వచ్చింది. ముందు ఇంజను బండికి మాత్రం ముందు వెనుకల తేడా ఒక అంగుళం దాటించకపోతేనే నడకలో తూకం ఉంటుంది.

చేతిలో ఉండాల్సిన కొలతలు

రిమ్ వెడల్పు అంటే టైరు అంచులు కూర్చునే రెండు చోట్ల మధ్య దూరం. చక్రం బయటి అంచు నుంచి బయటి అంచుకు టేపు పెడితే దానికంటే సుమారు ఒక అంగుళం ఎక్కువ వస్తుంది. 7 అంగుళాల చక్రం మొత్తం వెడల్పు దాదాపు 8 అంగుళాలు, అంటే 203 మి.మీ. ఈ ఒక్క అంగుళం మరిచిపోయి లెక్కలు తప్పేవాళ్లు చాలామంది.

బ్యాక్‌స్పేసింగ్ అంటే చక్రం బ్రేకు డ్రమ్ముకు ఆనుకునే ముఖం నుంచి లోపలి అంచు దాకా ఉన్న దూరం. చక్రాన్ని బోర్లా పడుకోబెట్టి, పై అంచు మీద అడ్డంగా ఒక తిన్నటి బద్ద పెట్టి, అక్కడి నుంచి కిందికి ఆ ముఖం దాకా కొలిస్తే చాలు. ఆఫ్‌సెట్ అంటే ఆ ముఖానికీ చక్రం నడిమి గీతకూ మధ్య తేడా. నడిమి గీత కంటే ముఖం బయటి వైపు ఉంటే ప్లస్, లోపలి వైపు ఉంటే మైనస్. చాలా అల్లాయ్ చక్రాల మీద ‘ఈటీ’ పక్కన పోత పోసి ఉండేది ఈ అంకే. బ్యాక్‌స్పేసింగ్‌లోంచి మొత్తం వెడల్పులో సగం తీసేస్తే ఆఫ్‌సెట్ వస్తుంది.

ఇక స్టడ్ల (చక్రాన్ని హబ్‌కు, అంటే యాక్సిల్ కొసన తిరిగే మధ్య భాగానికి, బిగించే మర కడ్డీల) వలయం వ్యాసం సంగతి. నాలుగు స్టడ్లు ఉంటే ఎదురెదురు స్టడ్ల మధ్య దూరమే ఆ వ్యాసం. ఐదు ఉంటే పక్కపక్క రెండు స్టడ్ల కేంద్రాల మధ్య దూరాన్ని 1.701తో హెచ్చించాలి: 67.2 మి.మీ. వస్తే 114.3, 70.9 వస్తే 120.65. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 120 మి.మీ. చక్రం 120.65 హబ్ మీదికి చేత్తో తోస్తే ఎక్కుతుంది. కానీ నట్లు చక్రం రంధ్రాల శంకు సీటులో సరిగా కూర్చోక, స్టడ్లను పక్కకు లాగుతూ బిగుసుకుంటాయి. పరుగులో అవి వదులవుతాయి, లేదా స్టడ్డే తెగుతుంది. ‘ఎక్కింది కదా’ అనేది ఇక్కడ సాక్ష్యం కాదు.

కొలిచే ముందు

అరిగిన కమాను (లీఫ్ స్ప్రింగ్) బుష్‌లతో, అంటే దాని కొసల్లోని రబ్బరు గొట్టాలతో, తీసిన కొలతకు విలువ లేదు. వెనుక యాక్సిల్‌ను గట్టిగా పక్కకు తోస్తే కదులుతుంటే ముందు బుష్‌లు మార్చండి. కూలబడిన కమాను కట్టలు, డ్రమ్ము తీసి డిస్క్ బ్రేకులు పెట్టే ఆలోచన ఉంటే అది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. డిస్క్ బ్రేకు కిట్లు చాలావరకు చక్రం ఆనే ముఖాన్ని కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరుపుతాయి. అప్పుడు మొదటి కొలతంతా వృథా.

కారు చదునైన నేల మీద ఉండాలి. ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు. వెనుక స్టాండ్లు ఛాసిస్ కింద కాదు, యాక్సిల్ గొట్టాల కింద పెట్టాలి. అప్పుడే కారు బరువు కమాన్ల మీద పడి, అది రోడ్డు మీద నిలబడే ఎత్తులోనే ఉంటుంది. ఛాసిస్ కింద పెడితే యాక్సిల్ కిందికి వేలాడి అన్ని దూరాలూ తప్పుతాయి. రెండు చక్రాలూ తీయండి, డ్రమ్ములు మాత్రం ఉంచండి: చక్రం ఆనేది డ్రమ్ము ముఖానికి కాబట్టి కొలత మొదలు కూడా అక్కడే.

కొలత

డ్రమ్ము ముఖానికి అడ్డంగా, టైరు వ్యాసం కంటే పొడవైన ఒక తిన్నటి బద్దను రెండు నట్లతో బిగించండి. ఆ బద్ద నుంచి లోపలి వైపుకు ప్రతి అడ్డంకి దాకా దూరం రాసుకోండి: కమాను కట్ట అంచు, యూ బోల్టు కొన, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తల, చక్రపు గూడు లోపలి పలక, సైలెన్సర్ గొట్టం, బ్రేకు హోస్, హ్యాండ్‌బ్రేకు కేబుల్, పెట్రోలు నింపే గొట్టం. ఒక్క చోట కొలిచి వదిలేయకూడదు. టైరు వ్యాసం మేరకు గడియారం ముల్లు తిరిగినట్టు చుట్టూ కొలవాలి. అన్నిటికంటే దగ్గరి అడ్డంకి చాలాసార్లు యాక్సిల్‌కు ముందున్న కమాను భాగమే అవుతుంది.

బయటి వైపుకు, మడ్‌గార్డు పెదవి లోపలి మడత నుంచి గుండు దారం వేలాడదీసి, బద్దకూ దారానికీ మధ్య దూరం తీసుకోండి. యాక్సిల్‌కు నేరుగా పైన ఒకటి, ముందుకు వెనక్కు 45 డిగ్రీల దగ్గర ఒక్కొక్కటి. పెదవి బయటి అంచుకు కాదు, లోపలికి మడిచిన రేకు కొనకు కొలవాలి. టైరును కోసేది అదే.

ఇప్పుడు రెండో వైపు కూడా మొత్తం మళ్లీ కొలవండి. పాత కార్లలో వెనుక యాక్సిల్ సరిగ్గా మధ్యలో ఉండటం అరుదు. 5 నుంచి 10 మి.మీ. తేడా మామూలే. ఇరుకైన వైపు అంకెలే లెక్కలోకి వస్తాయి. తేడా 10 మి.మీ. దాటితే, గతంలో ఏదో దెబ్బ తగిలిందేమో, కమాను మధ్య బోల్టు పిన్ను తెగిందేమో చూడాలి.

లెక్క

ఒక ఉదాహరణ. పాత కొలత 5.5 అంగుళాల రిమ్, 195/70 ఆర్14 (14 అంగుళాల రిమ్‌కు పట్టే రేడియల్) టైరు. ఇరుకైన వైపు డ్రమ్ము ముఖం నుంచి కమాను దాకా 150 మి.మీ., మడ్‌గార్డు పెదవి దాకా 130 మి.మీ. వచ్చాయనుకుందాం. మొత్తం చోటు 280. లోపలి వైపు 15, బయటి వైపు 25 వదలాలి. రెండూ సమానం కాకపోవడానికి కారణం, గుంతలో పడ్డప్పుడు పెదవి టైరు మీదికి దిగుతుంది కాబట్టి, అక్కడ ఎక్కువ కావాలి. మిగిలింది 240 మి.మీ. అమర్చిన టైరు దీన్ని దాటకూడదు.

225/60 టైరు చూద్దాం. పక్క గోడ మీద 225 అని ఉన్నా, తయారీదారు పట్టికలో దాని అసలు వెడల్పు 6.5 అంగుళాల రిమ్ మీద సుమారు 228 మి.మీ. రిమ్ అర అంగుళం పెరిగితే టైరు పొట్ట దాదాపు 5 మి.మీ. ఉబ్బుతుంది. 7 అంగుళాల రిమ్ మీద 233. మన 240లో పడుతుంది, 7 మి.మీ. మిగులుతుంది.

టైరు సగం వెడల్పు 116.5. బయటి అంచు 105 మి.మీ. దాటకూడదు కాబట్టి నడిమి గీత డ్రమ్ము ముఖానికి కనీసం 11.5 మి.మీ. లోపలికి ఉండాలి. లోపలి అంచు 135 దాటకూడదు కాబట్టి 18.5 కంటే లోపలికి పోకూడదు. అంటే ఆఫ్‌సెట్ ప్లస్ 11.5కూ ప్లస్ 18.5కూ మధ్య. దొరికే చక్రాల్లో 4.5 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్న 7 అంగుళాల చక్రం చూస్తే: 114.3లోంచి 101.6 పోతే 12.7. సరిపోయింది. అదే చక్రం 4 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్‌తో తీసుకుంటే ఆఫ్‌సెట్ సున్నా అవుతుంది, పెదవి దగ్గర కావాల్సిన దానికంటే 11.5 మి.మీ. తక్కువ. చూపుకు రెండు చక్రాలూ ఒకేలా ఉంటాయి.

వ్యాసం సంగతి. 195/70 ఆర్14 వ్యాసం 629 మి.మీ., 225/60 ఆర్14ది 626. అర శాతం తేడా, పట్టించుకోనక్కర్లేదు. 245/60 ఆర్14 అయితే 650కి పోతుంది, 3.3 శాతం ఎక్కువ: స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే కారు 103 మీద ఉంటుంది, గేరింగు కూడా ఆ మేరకు బరువెక్కుతుంది. 3 శాతం లోపల ఉంచడం మంచిది.

కొనేటప్పుడు

ప్రతి టైరుకూ ఏ వెడల్పు రిమ్ మీద వేయొచ్చో తయారీదారు హద్దు చెబుతాడు. 225/60కి అది మామూలుగా 6 నుంచి 8 అంగుళాలు. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు వేస్తే పొట్ట బయటికి ఉబ్బి, మలుపులో పక్కకు ఊగుతుంది. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును చెప్పే అంకె), వేగం అక్షరం (తట్టుకోగల వేగాన్ని చెప్పేది) పాత టైరు కంటే తక్కువ ఉండకూడదు. తయారీ తేదీ పక్క గోడ మీది నాలుగంకెల్లో ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. నిల్వ ఉన్న పాత టైరు పైకి కొత్తగా మెరిసినా లోపల రబ్బరు గట్టిపడి ఉంటుంది.

ముందు రేడియల్ (లోపలి దారాలు నేరుగా అడ్డంగా ఉండే టైరు), వెనుక క్రాస్‌ప్లై (దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే పాత రకం) ఎప్పుడూ వద్దు. తోక హఠాత్తుగా విసురుతుంది. కలపక తప్పకపోతే రేడియల్ వెనుకే ఉండాలి, ఒక యాక్సిల్ మీద రెండూ ఒకే రకం. క్రాస్‌ప్లై కాలం నాటి రిమ్ముల్లో టైరు అంచును పట్టి ఉంచే గట్టు ఉండదు, ట్యూబ్‌లెస్ టైరు గాలి తగ్గినప్పుడు మలుపులో అంచు వదిలేయగలదు. అలాంటి రిమ్ములకు ట్యూబు వేయాలి. తీగల చక్రాలకూ అంతే.

పాత స్టీలు చక్రాన్నే కోసి, మధ్యలో పట్టీ వెల్డింగ్ చేసి వెడల్పు చేయించుకునే దారి ఉంది. తెలిసినవాళ్లు చేస్తే బాగుంటుంది. పాత మోడల్ డిజైను పోదు. తీసుకునేటప్పుడు చక్రాన్ని హబ్ మీద తిప్పి డయల్ గేజ్ పెట్టండి. పైకీ కిందికీ, పక్కకూ ఊగడం 1 మి.మీ. దాటితే వెనక్కి ఇచ్చేయండి. బ్యాలెన్సింగ్ దాన్ని కప్పలేదు.

నట్ల సంగతిని చిన్నదిగా చూడకండి. అల్లాయ్ చక్రాలకు శంకు ముఖం, గుండ్రటి ముఖం, వాషర్‌తో కూర్చునే గొట్టం రకం, మూడూ ఉన్నాయి. ఒకటి మరొకదాని సీటులో పెడితే తాకేది సన్నటి గీత మీద మాత్రమే. స్టడ్ మీద నట్ ఎక్కే పొడవు కనీసం స్టడ్ మందం అంత ఉండాలి: 12 మి.మీ. స్టడ్, 1.5 మి.మీ. మర అయితే 8 చుట్లు. అర అంగుళం స్టడ్, అంగుళానికి 20 మరలు అయితే 10 చుట్లు. స్టీలు చక్రం నుంచి మందపాటి అల్లాయ్‌కు మారితే స్టడ్లు చాలావు, పొడవైనవి వేయాలి. కొత్త స్టడ్ గరుకు మెడ వ్యాసం పాతదానికి సరిపోవాలి, ప్రెస్‌తో దింపాలి. నట్‌ను బిగిస్తూ లాగి కూర్చోబెడితే మర సాగిపోతుంది.

మట్టి ముద్దతో పరీక్ష

లెక్క కాగితం మీద నెగ్గినా, కారు కదిలేటప్పుడు నెగ్గాలి. ఒకే చక్రానికి టైరు ఎక్కించి, డ్రమ్ముకు బిగించండి. పిల్లలు ఆడుకునే మెత్తటి మైనపు మట్టిని బొటనవేలంత ముద్దలు చేసి, పెదవి మడత మీద మూడు చోట్ల, లోపలి పలక మీద రెండు చోట్ల, కమాను పక్కన ఒకటి అంటించండి. ఈసారి స్టాండ్లు ఛాసిస్ కిందికి మార్చండి. కమాను కట్టలో ప్రధాన పట్టీ ఒక్కటే ఉంచి మిగతావి తీసేస్తే యాక్సిల్‌ను జాకీతో సులువుగా ఎత్తొచ్చు. బంప్ రబ్బరు నలిగే దాకా ఎత్తండి. తర్వాత ఒక వైపు పూర్తిగా ఎత్తి, రెండో వైపు పూర్తిగా దించండి. ఒక చక్రం గుంతలో, ఒకటి గట్టు మీద ఉన్న స్థితి ఇది. చివరగా వైపులు మార్చండి.

దించి ముద్దలు చూడండి. టైరు తాకినచోట ట్రెడ్ గాళ్ల అచ్చు పడి ఉంటుంది. తాకని ముద్దను కత్తితో నిలువుగా కోసి, మిగిలిన మందం స్కేలుతో కొలవండి. 6 మి.మీ. కంటే పలచగా నలిగినచోట రోడ్డు మీద టైరు కచ్చితంగా రాసుకుంటుంది, ఎందుకంటే ఇక్కడ మలుపు ఒత్తిడి లేదు. మలుపులో బయటి చక్రం టైరు అడుగు లోపలికి నెట్టుకుంటుంది, బుష్‌ల మెత్తదనం మేర బాడీ బయటికి జరుగుతుంది. లోపలి పలకకూ టైరుకూ మధ్య సందు అప్పుడు తగ్గుతుంది. పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా దాన్ని బాడీకి కలిపే అడ్డ కడ్డీ) ఉన్న కార్లలో యాక్సిల్ పైకి లేచినప్పుడు చాపం వెంట పక్కకు జరుగుతుంది: 900 మి.మీ. రాడ్, 75 మి.మీ. కదలికకు సుమారు 3 మి.మీ.

పాత బీటిల్, ట్రయంఫ్ హెరాల్డ్ లాంటి స్వింగ్ యాక్సిల్ (చక్రంతో పాటు సగం యాక్సిల్ మధ్యలోని కీలు మీద పైకీ కిందికీ ఊగే రకం) కార్లలో చక్రం లేచేకొద్దీ పైభాగం లోపలికి వాలుతుంది. పెదవి దగ్గర చోటు పెరిగి, లోపల తగ్గుతుంది. వాటికి పైన, మధ్య, కింద మూడు ఎత్తుల్లో విడివిడిగా కొలవక తప్పదు.

చోటు చాలకపోతే

మొదటి దారి, ఇంకో సైజు చిన్న టైరు. 215 వేసిన కారు రాసుకోకుండా తిరుగుతుంటే 225 వేసి ప్రతి గుంతకూ ఉలిక్కిపడే కారు కంటే అది నయం.

రెండోది, పెదవి లోపలి మడతను పైకి తిప్పేయడం. దీనితో 10 నుంచి 15 మి.మీ. దొరుకుతుంది. ముందు పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని పెదవి వెంట నడిపించండి. అది పట్టు వదిలినచోట రేకు లేదు, పుట్టీ ఉంది. అక్కడ ఒత్తితే పగిలి రాలుతుంది. పుట్టీ లేనిచోట, హబ్‌కు బిగించే రోలర్ పనిముట్టుతో, హీట్ గన్‌తో పెయింటును చెయ్యి ఆనించలేనంత వేడి చేస్తూ, మడతను ఒక్కో దఫా 10 డిగ్రీల కోణానికి మించకుండా కొద్దికొద్దిగా తిప్పాలి. చల్లటి పెయింటు గీతలు గీతలుగా చిట్లుతుంది. సుత్తితో కొడితే బయటి రేకు అలలు అలలుగా వస్తుంది.

మడతను కోసేయడం వేరే సంగతి. చాలా కార్లలో బయటి రేకు, లోపలి చక్రపు గూడు కలిసి స్పాట్ వెల్డింగ్ అయ్యేది ఆ పెదవిలోనే. దాన్ని కోస్తే రెండు పొరలూ విడిపోతాయి. కోసే ముందే, కోత గీతకు పైన ప్రతి 25 మి.మీ.కు వెల్డింగ్ చుక్క పెట్టి, కోశాక సీమ్ సీలర్ (అతుకుల్లోకి నీళ్లు పోకుండా పూసే ముద్ద) పూయాలి. తిప్పిన మడతకైనా సీలర్ వేయాలి. సందులో చేరిన నీళ్లు రెండు వానాకాలాల్లో రేకును తినేస్తాయి.

స్పేసర్లు (హబ్‌కూ చక్రానికీ మధ్య పెట్టే బిళ్లలు) లోపలి వైపు అడ్డంకి ఉన్నప్పుడు మాత్రమే పనికొస్తాయి. ఊరికే స్టడ్ల మీద తొడిగే బిళ్ల 5 మి.మీ. దాటితే నట్ల చుట్లు చాలవు. అంతకు మించి కావాలంటే తన సొంత స్టడ్లు ఉన్న, హబ్ మీద కచ్చితంగా కూర్చునే రకమే వాడాలి. చక్రం బయటికి జరిగేకొద్దీ పాత యాక్సిల్ షాఫ్టు, బేరింగు మీద వంపు బరువు పెరుగుతుంది. ఇక కమాన్లను లోపలికి జరపడం, లోపలి గూళ్లను వెడల్పు చేయడం, యాక్సిల్‌ను పొట్టి చేయించడం పూర్తిగా వర్క్‌షాపు పని, ఇంటి పెరట్లో మొదలుపెట్టేది కాదు.

బిగింపు

హబ్ ముఖం, డ్రమ్ము ముఖం వైరు బ్రష్‌తో తోమి పెయింటు, తుప్పు పోగొట్టండి. పెయింటు పొర నలిగితే నట్లు వదులవుతాయి. స్టడ్లకు నూనె, గ్రీజు వద్దు: బిగింపు అంకె పొడి మరకు చెప్పింది. చక్రం మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దదైతే మధ్యలో రింగు వేయండి. బ్యాలెన్స్ బరువులు లోపలి అంచుకు కొక్కెంతో తగిలించే రకం కాకుండా, రిమ్ లోపల అతికించేవి వాడితే అర సెంటీమీటరు చోటు కలిసొస్తుంది. నట్లను నక్షత్రం ఆకారంలో, మూడు దఫాల్లో బిగించాలి. 12 మి.మీ. లేదా అర అంగుళం స్టడ్లకు మామూలుగా 90 నుంచి 110 న్యూటన్ మీటర్లు. కారు పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే మాట. 80 కిలోమీటర్ల తర్వాత చల్లబడ్డ చక్రాల మీద మళ్లీ టార్క్ రెంచ్ పెట్టండి.

పెదవి లోపలి మడతకు తెల్ల పెయింటు పూసి, నలుగురిని ఎక్కించి, డిక్కీలో బరువు పెట్టి గతుకుల్లో ఒకసారి తిప్పి రండి. టైరు భుజం మీద తెల్ల మరక పడితే ఎక్కడ తగిలిందో అదే చెబుతుంది.

గాలి కోసం పుస్తకంలోని అంకె నుంచి మొదలుపెట్టండి. ట్రెడ్ మీద అడ్డంగా మందపాటి సుద్ద గీత గీసి, తిన్నగా వంద మీటర్లు నడపండి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, 2 పీఎస్‌ఐ తగ్గించండి. అంచుల్లోనే చెరిగితే పెంచండి. గీత అడ్డంగా సమంగా చెరిగే దాకా ఇలాగే.

ముందు వెనుక సైజులు వేరైతే ఒక స్టెప్నీ రెంటికీ చాలదు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (రెండు వెనుక చక్రాల వేగాల్లో తేడా మరీ పెరగకుండా ఆపే పరికరం) ఉన్న కారులో వెనుక ఒక వైపు వేరే వ్యాసం టైరు వేసి దూరం పోతే లోపలి క్లచ్ పలకలు కాలుతాయి. అలాంటి కారులో స్టెప్నీ వెనుక సైజుదే పెట్టుకోండి. వెనుక పంచరైతే నేరుగా వేయొచ్చు. ముందు పంచరైతే నెమ్మదిగా, పంచరు షాపు దాకా మాత్రమే. అయితే ఆ వెడల్పు టైరు ముందు మడ్‌గార్డులో స్టీరింగ్ రెండు కొసలకూ తిప్పినప్పుడు తగలకుండా పడుతుందా అన్నది ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకోవాలి.